పన్నెండు అంకెలు తెలిసినంత మాత్రాన అధికారి కాడు

నేను క్లాంగ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. కంపెనీల సమాచారం భద్రంగా ఉంచడం నా వృత్తి. ఈ రోజు మాత్రం మన ఇళ్ళ సంగతి మాట్లాడతాను.

2001లో వచ్చిన మైకార్డ్ ఇప్పుడు మలేషియాలో మనందరి జేబుల్లోనూ ఉంది. దాని మీది 12 అంకెలు చూడండి. మొదటి 6 పుట్టిన తేదీ. తరువాతి 2 పుట్టిన రాష్ట్రం, సెలంగోర్‌కు 10. చివరి అంకె మగవారికి బేసి, ఆడవారికి సరి. పుట్టినరోజు, పుట్టిన ఊరు తెలిస్తే మూడింట రెండు వంతుల నంబరు తెలిసినట్టే. మిగతాదీ దాగి లేదు. 2017లో 4 కోట్ల 62 లక్షల మొబైల్ ఖాతాల వివరాలు ఐసీ నంబర్లతో సహా బయటపడ్డాయి. అప్పటి దేశ జనాభా సుమారు 3 కోట్ల 20 లక్షలే! పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, పుట్టిన తేదీని మార్చుకోలేం కదా!

అందుకే మనవి చేసేది ఒక్కటే. ఐసీ నంబరు రహస్యమనుకోకండి, అది చెప్పినవాడల్లా అధికారి అనుకోకండి. ఇక్కడ మకావ్ స్కాం అనే మోసం నడిచేది ఈ నమ్మకం మీదే. పోలీసులమనో, కోర్టు నుంచనో ఫోను వస్తుంది. మీ పేరు, నంబరు పొల్లుపోకుండా చదువుతారు. మీ మీద కేసుంది, ఎవరికీ చెప్పొద్దు, డబ్బు ఫలానా ఖాతాకు పంపండి అంటారు. పరువు పోతుందని పెద్దవాళ్ళు కన్నపిల్లలకు కూడా చెప్పరు. దొంగకు కావలసింది ఆ మౌనమే.

ఇక జాగ్రత్తలు. అలాంటి ఫోను వస్తే పెట్టేయండి. బ్యాంకు నంబరో, స్టేషను నంబరో మీరే వెతికి ఫోను చేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఐసీ ఫొటోకాపీ ఇవ్వవలసివస్తే రెండు అడ్డగీతలు గీసి, ఎవరికి, ఎందుకు ఇస్తున్నారో తేదీతో రాయండి. మీ పేరు మీద ఎవరైనా అప్పు తీసుకున్నారేమో బ్యాంక్ నెగారా వారి ఈ-సీక్రిస్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. అమెరికా నుంచి వచ్చిన మిత్రులు తమ క్రెడిట్‌ను ఫ్రీజ్ చేయించుకోవచ్చు. 2018 నుంచి అక్కడ అది ఉచితం.

డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 997కు ఫోను చేయండి. ఇలాంటి మోసాల కోసమే 2022లో ఆ కేంద్రం పెట్టారు. దొంగ సొమ్ము ఖాతా నుంచి ఖాతాకు క్షణాల్లో మారిపోతుంది గనుక ప్రతి నిమిషమూ విలువైనదే.

ఇంటికి వెళ్ళాక అమ్మానాన్నలతో ఒక్క మాట చెప్పండి: “ఎలాంటి ఫోను వచ్చినా ముందు మాకు చెప్పండి, మేము కోప్పడం.” ఆ మాట నిలబెట్టుకోండి.

సెలవు.