గృధ్రసి - వెన్నుసూది

(తిరుచానూరున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



సభవారు మమ్ము విద్యావిషయమై మాటలాడుమని కోరియుండిరి. ముప్పదియైదేండ్లు బడిపిల్లలచే శబ్దములు వల్లెవేయించిన వారము గనుక ఆ కోరిక సహజమే. కాని నిన్న సాయంకాలము పద్మసరోవరము మెట్లకడ మన బంధువులలో ముగ్గురు నలుగురు మెట్టు దిగలేక యొకరి భుజముపై నొకరు చేయి వైచి నిలుచుట చూచితిమి. విచారింపగా అందరిదియు నొక్కటే మాట: నడుము పట్టినది, కాలు లాగుచున్నది. మేమును పడిన బాధయే యగుటచే ప్రసంగవిషయమును మార్చుకొంటిమి. మన్నింపుడు.

మూడేండ్ల క్రిందట కార్తిక బ్రహ్మోత్సవములకు వచ్చిన చుట్టముల కొఱకు నీళ్ల గంగాళము నెత్తబోగా మా నడుమున కలుక్కుమనెను. వారము తిరుగకమునుపే నొప్పి నడుమును విడిచి, పిరుదునుండి తొడవెనుకగా, పిక్కమీదుగా పాదమునకు దిగెను. తుమ్మిన నిప్పు దిగినట్లుండును. కూర్చుండుటకు లేదు, పరుండుటకు లేదు. రాత్రులు గోడ కానుకొని నిలిచి తెల్లవార్చితిమి.

ఇది క్రొత్త రోగము కాదు. చరకుడు వాతవ్యాధి ప్రకరణమున దీనికే గృధ్రసి యని పేరిడి, పిరుదున మొదలై కటి, తొడ, మోకాలు, పిక్క, పాదము అను క్రమమున దిగునని చెప్పెను. గృధ్రమనగా గ్రద్ద. రోగి నడక యా పక్షి నడకవలె నుండుటచే నీ పేరు వచ్చెనందురు. అద్దమున మా నడకను జూచుకొన్న పిమ్మట మాకా వ్యుత్పత్తిపై సందేహము లేకపోయెను. ఈ రోగమున కాలు చాచి యెత్తుట కడ్డు కలుగునని సుశ్రుతుడు వ్రాసెను. నేటి వైద్యుడును రోగిని వెల్లకిల పరుండబెట్టి, కాలిని చాచినది చాచినట్లే పైకెత్తి పరీక్షించును. లక్షణమును మనవారు కనిపెట్టిరి. కారణము మాత్రము చాలకాలమునకు గాని తేటపడలేదు. డిస్కు చీలి నరమును నొక్కుటచే నిట్లగునని 1934లో అమెరికాలోని మిక్స్‌టరు, బార్ అను వైద్యులు ప్రకటించిరి.

తాటిముంజను బొటనవ్రేలితో నొక్కుడు. తోలు చిట్లి లోని మెత్తదనము వెలికి వచ్చును. వెన్నుపూసల నడుమనుండు డిస్కు గూడ నట్టిదే: చుట్టును గట్టి యంచు, లోపల మెత్తని గుజ్జు. అంచు చిరిగినచో గుజ్జు వెలికి వచ్చి, కాలికి బోవు నరము మొదట తగులును. నొక్కుట యొక్కటే కాదు. ఆ గుజ్జు తగిలినచోట నరము వాచి మంటపుట్టును. ఈ వాపును దించుటకే స్టిరాయిడు సూది. 1948లో హెంచ్ అను వైద్యుడు కీళ్లవాతపు రోగికి కార్టిజోను మొదట నిచ్చి ఫలము జూచెను. 1950లో ఆ కృషికి నోబెలు బహుమతి వచ్చెను. 1952లో ఇటలీ వైద్యు లా జాతి మందునే నరము మొదటికడ నిచ్చిరి.

మా యింట సభ జరిగెను. వెన్నున సూది దిగినచో కాళ్లు పడిపోవునని యొక బావగారు. ఒక్క సూదితో గుఱ్ఱమువలె పరుగెత్తవచ్చునని యొక మేనల్లుడు. ఇద్దరును వైద్యులు కారు. ఇద్దరి మాటయు తప్పే. మేము నెలన్నర మాత్రలతో, మెల్లని నడకతో వేచి, తగ్గనందున సూదికి సమ్మతించితిమి.

మమ్ము బోర్ల పరుండబెట్టి, చర్మమునకు మత్తుమందిచ్చి, ఎక్సురే తెరపై జూచుచు సూదిని దింపిరి. మందును విడుచునది వెన్నుపాము లోపల కాదు, దానిని గప్పిన పొరకు వెలుపల. మందు విడుచునపుడు కాలిలో పాత నొప్పియే యొక్కక్షణము మెఱసెను. ఆ సాయంకాలమే యింటికి వచ్చితిమి. నాలుగవనాడు మూడు నెలలలో మొదటిసారిగా తెల్లవారుదాక నిదురించితిమి.

కాని రెండు పొరపాట్లు చేసితిమి. మాకు మధుమేహ మున్నదని వైద్యునకు జెప్పలేదు, అడిగినవారును లేరు. స్టిరాయిడు చేరినపిమ్మట కొన్నినాళ్లు రక్తమున చక్కెర పెరుగును. మాకును పెరిగి, కన్నులు మసకలు గ్రమ్మెను. రక్తమును పలుచనజేయు మాత్రలు మ్రింగువారును ఆ సంగతి ముందే చెప్పవలెను. రెండవ పొరపాటు, నొప్పి పోయినది గదా యని నెలలోపలనే అలిపిరి మెట్లెక్కుట. గాలిగోపురము దాటకమున్నే గ్రద్ద తిరిగి వచ్చెను. సూది వాపును దించెనే గాని చిరిగిన డిస్కును కుట్టలేదు. దానిని సరిచేయునది మన శరీరమే: వెలికి వచ్చిన గుజ్జు పెక్కుమందికి క్రమముగా కరగి కుంచించుకొనిపోవును. అంతవరకు నిదుర, నడక, వ్యాయామము సాగుటకు సూది కొంత గడువిచ్చును.

ఆ గడువైనను కొంచెమే. 2020లో కొక్రేను సంస్థవారు 25 పరీక్షలను గూర్చి పరిశీలింపగా, ఉత్తుత్తి సూది వేయబడినవారికంటె వీరికి కాలినొప్పి, నూటికి లెక్కించినచో సగటున అయిదుపాళ్లు మాత్రమే తగ్గెను. అదియు తొలి వారములలోనే. సగటు గనుక కొందఱికి హెచ్చుగా, కొందఱికి శూన్యముగా నుండవచ్చును. ప్రమాదము బొత్తిగా లేదనియు జెప్పరాదు. 2012లో అమెరికాలో నొక మందుల తయారీశాలనుండి బూజు చేరిన మందు వెలువడి, ఏడువందలకు పైగా రోగు లయి, అరువదికి మించి మరణించిరి. 2014లో అక్కడి మందుల శాఖవారు, పక్షవాతము, చూపుపోవుట వంటి ఘోరములు అరుదుగా కలుగవచ్చునని హెచ్చరించిరి. కావున పేరు లేని మందును, తెర లేని గదిలో, వీథి చివర సూదికాని చేత వేయించుకొనరాదు. తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి, స్విమ్స్, రుయా ఇన్ని యుండగా మన కా గతి యేల?

ఇక చెప్పుటకు నోరాడని సంగతి. మా దగ్గరి చుట్ట మొకరు నడచుచుండగా కాలిచెప్పు జారిపోయినను తెలియకుండెను. పాద మెత్తలేకపోయెను. నొప్పి తగ్గుచున్నదని సంతసించిరి గాని, తగ్గినది నొప్పి కాదు, నరము బలము. సూదికి భయపడి రెండు నెలలు నూనెలు రుద్దించుచు ఊరూర తిరిగిరి. తుదకు శస్త్రచికిత్స జరిగినను ఆ పాదము పూర్వపు బలమును పొందలేదు. నేటికిని కాలీడ్చుచు ఈ సభకు వచ్చియున్నారు. వారి యనుమతితోనే చెప్పుచున్నాము. పాదము వ్రాలినను, మర్మస్థానముల చుట్టును స్పర్శ తప్పినను, మూత్రము బిగిసినను, తెలియక పోయినను, అది సూదికి గాని నూనెకు గాని సమయము కాదు. ఆనాడే, గంటలు లెక్కించి ఆసుపత్రి చేరవలెను.

మన స్త్రీలు ముఖ్యముగా వినవలెను. మగవాడు మూలిగిన ఇల్లంతయు మేల్కొనును. ఆడుది గుమ్మము పట్టుకొని నిలిచి వంట ముగించును. ఆ మూత్రపు మాట మగవైద్యునితో జెప్పుటకు సిగ్గుపడి దాచిన యక్క లెందఱో! వెంటబోవు కోడలో, కూతురో ముందుగా చెప్పవలెను.

పల్లెలనుండి వైద్యమునకు తిరుపతి వచ్చు మనవారికి నాలుగునాళ్లు పరుండుటకు సంఘ సత్రమున క్రిందియంతస్తులోనే రెండు గదులు ప్రత్యేకింపుడని మా మనవి. మేడమీది గది వారికి గది కాదు. కార్యదర్శిగారు తలయూచుచున్నారు; తీర్మానముల పుస్తకమున వ్రాయింపగోరెదము.

భోజనశాలలో నీళ్ల గంగాళములు నిండియున్నవట. యువకులు ఇద్దరిద్దరుగా పట్టి, మోకాళ్లు వంచి యెత్తుడు. మేము దూరమున నిలిచి చూచెదము.