మెదడువాపులో రక్తనాళాల వంతు

2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపు లక్షణాలతో పడిపోయారు. వారిలో 183 మంది దక్కలేదు, అందులోనూ ఎక్కువమంది ఆసుపత్రిలో చేరిన ఒక్కరోజులోపే పోయారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఇది చండీపురా వైరస్ పని అంది. వైరస్ ఏదైనా గాని, దెబ్బ తిన్నది మెదడు రక్తనాళమని, ఇది పక్షవాతం తరహా జబ్బని మన వైద్యులు కొందరు వాదించి, ‘బ్రెయిన్ అటాక్’ అని పేరు కూడా పెట్టారు. ఆ వాదనను చాలామంది పక్కన పెట్టేశారు. నాళమా, నాడీకణమా అని ఏదో ఒకటి తేల్చమనడంలోనే పొరపాటుందని నా అభిప్రాయం.

రక్తనాళాన్ని ఉత్త గోడగా చూడటం మనకు పాత అలవాటు. 1885లో పాల్ ఎర్లిష్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కిస్తే ఒళ్లంతా రంగు పట్టింది, మెదడుకు పట్టలేదు. మెదడుకు ఆ రంగు అంటే గిట్టదని ఆయన సరిపెట్టుకున్నారు. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకే ఎక్కించారు. ఈసారి మెదడు నీలమైంది. గురువుగారి వివరణ అక్కడే వీగిపోయింది. రక్తానికీ మెదడుకూ మధ్య అడ్డు ఎక్కడుందో చూపడానికి మాత్రం 1967 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు రీస్, కర్నోవ్‌స్కీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, నాళం లోపొర కణాలు ఒకదానికొకటి సందులేకుండా అతుక్కుని ఉన్నాయి. అంటే ఆ గోడ బతికున్న కణాలదే. బతికున్నదానికి జబ్బూ చేస్తుంది, చావూ వస్తుంది.

1998–99లో మలేషియాలో నిపా వైరస్‌తో పోయినవారిలో 32 మందికి జరిపిన శవపరీక్షలు దీన్ని కళ్లకు కట్టాయి. నాళాల లోపొర కణాల్లో వైరస్ ఉంది. పక్కపక్క కణాలు కలిసిపోయి అనేక కేంద్రకాల ముద్దలయ్యాయి, నాళాల్లో రక్తం గడ్డకట్టింది, ఆ గడ్డల వల్ల రక్తం అందని మేర మెదడు చచ్చిపోయింది. నాడీకణాల్లోనూ వైరస్ దొరికింది. ఒకే రోగిలో రెండు దెబ్బలూ ఉన్నాయన్నమాట.

నాళానికీ వంతుందన్న ఈ మాటకు అభ్యంతరాలు లేకపోలేదు. చండీపురా ఎలుకల్లో నాడీకణాలనే చంపుతోంది కదా అంటారు. నిజమే, 2003 నాటి నాళవాదం రుజువైందని నేనూ అనను. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌లోనైతే వైరస్ ముందు మెదడులో చేరుతుందని, అడ్డుగోడ ఆ తర్వాతే దెబ్బతింటుందని ఎలుకల ప్రయోగాలు చెబుతున్నాయి. వరస వైరస్‌ను బట్టి మారుతుంది, నాళం వంతు మాత్రం తప్పడం లేదు. ఇంకా గట్టి అభ్యంతరం కోవిడ్ నుంచి వచ్చింది: నాళాలు దెబ్బతిన్న మెదళ్లు అనేకం వెతికినా వైరస్ దొరకలేదు, కాబట్టి నష్టం మన రోగనిరోధక శక్తి చేసినదేనని. కావచ్చు. అయినా ఆ దాడి తగిలిందీ ఈ లోపొర కణాలకే. పైగా 2021లో జర్మనీ పరిశోధకులు మరో దారి చూపారు. కోవిడ్ వైరస్ ఎంజైమ్ ఒకటి లోపొర కణాల్లోని నీమో అనే ప్రోటీన్‌ను కోసేస్తుంది. అది లేక కణం చస్తుంది. రక్తం పారని ఖాళీ తొడుగు దారంలా మిగులుతుంది. ఎలుకల్లో ఆ చావును నడిపించే రిప్‌కే3 ప్రోటీన్‌ను ఆపితే నాళాలు నిలిచాయి. ఆపింది వైరస్‌ను కాదు, మన కణంలోని ప్రోటీన్‌ను. నాళాన్ని విడిగా కాపాడే మందు వెతకడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.