నమ్మకమైన గృహనిర్వాహకుడు
(సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంత సంఘముల కూడికలో వ్యాపార నిర్వహణ విద్యను గూర్చి చేసిన ప్రసంగ పాఠము)



ఇంటర్మీడియట్ ఫలితములు రాగానే మన సంఘములలో ఒక ప్రశ్న ఈ మధ్య తరచుగా వినబడుతున్నది. "అయ్యగారూ, అమ్మాయిని బి.బి.ఎ.లో చేర్పించమంటారా? క్రైస్తవ యూనివర్సిటీ అంటున్నారు, మంచిదేనా?" నర్సింగు, టీచర్ ట్రైనింగు, ఇంజనీరింగు మనకు ఎరిగిన దారులు. ఇది కొత్త దారి. కొందరికి వ్యాపారమంటేనే లాభాపేక్ష, లాభాపేక్ష అంటే పాపమన్న సందేహము. మరి కొందరికి నెల జీతము తప్ప మరేమియు కనబడదు. ఈ రెంటి నడుమ విశ్వాసి ఏమి వెదకవలెనో ఈ పూట ఆలోచింతము.

మొదట, ఈ విద్య బైబిలుకు పరాయిది కాదు. యోసేపు ఐగుప్తులో సమృద్ధి గల ఏడు సంవత్సరములలో పంటలో అయిదవ భాగము తీసి, ధాన్యము నిలువచేసి, కరవులో దేశమును కాపాడాడు. అది నిర్వహణ గాక మరేమి? యెరూషలేములో విధవరాండ్రకు అనుదిన వడ్డనలో అన్యాయము జరిగినప్పుడు సంఘము ఏర్పరచిన ఏడుగురికి అపొస్తలులు ఆ పని అప్పగించారు. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవలెనని మన ప్రభువే బోధించాడు. యజమానుని ఆస్తిని తనది అనుకొనక, అడిగిన దినమున లెక్క అప్పగించగలవానిని బైబిలు గృహనిర్వాహకుడని పిలుస్తున్నది.

మన మెదక్ మహాదేవాలయమును చూడండి. నూరు అడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు గల ఆ కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు కరవు దినములలో ఆకలిగొన్న ప్రజలకు పని కల్పించి, ఆ పనికి ప్రతిఫలముగా అన్నము పెట్టి దానిని కట్టించారు. రాళ్ళు మోసినవారు భిక్షము తీసుకొనలేదు, కష్టార్జితము తిన్నారు. మంచి నిర్వహణ అంటే ఏమిటో మన పిల్లలకు చూపించడానికి వేరే పాఠ్యపుస్తకము అక్కరలేదు.

క్రైస్తవ సంస్థలు ఈ విద్యను ఎట్లు ఆరంభించినవో కూడ తెలుసుకొనవలెను. 1949లో జంషెడ్‌పూర్ ఉక్కు నగరములో జెస్యూట్ గురువైన ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ ఒక సంస్థను స్థాపించారు. దానినే నేడు ఎక్స్.ఎల్.ఆర్.ఐ. అంటున్నారు. దేశమంతట పేరుపొందిన మేనేజిమెంటు విద్యాలయమది. ఆ అక్షరములలో 'ఎల్' అంటే లేబర్, అనగా శ్రామికులు. యజమాని, కార్మికుడు ఒకరికొకరు శత్రువులు కాకుండ ఎట్లు పనిచేయవలెనన్న ప్రశ్నతో ఆ సంస్థ మొదలైనది. బెంగుళూరులో కార్మెలైట్ గురువులు 1969లో స్థాపించిన క్రైస్ట్ కళాశాల 2008లో విశ్వవిద్యాలయ హోదా పొందినది. కోయంబత్తూరులో దినకరన్ గారు 1986లో ఆరంభించిన కారుణ్య 2004లో ఆ హోదా పొందినది. మనకు దగ్గరలో అల్వాల్‌లోని లొయోలా అకాడమీ, బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల ఉన్నవి.

అయితే గేటుమీద సిలువ ఉన్నంతమాత్రమున లోపలి చదువు క్రైస్తవ చదువు కాదు. ఉదయము ప్రార్థన చేసి, మధ్యాహ్నము "ఎట్లయిన సరే లాభము" అని నేర్పితే ఆ ప్రార్థనవలన ప్రయోజనమేమి? మన సంఘమునకు వెస్లియన్ మిషనరీలు పునాది వేశారు గనుక జాన్ వెస్లీ మాటను జ్ఞాపకము చేస్తాను. 1760లో ప్రచురించిన 'ధన వినియోగము' అనే ప్రసంగములో ఆయన మూడు సూత్రములు చెప్పాడు: శక్తికొలది సంపాదించుట, శక్తికొలది పొదుపు చేయుట, శక్తికొలది ఇచ్చుట. ఈ మూడింటిని చాలమంది ఎరుగుదురు. కాని మొదటి సూత్రమునకు ఆయన వేసిన కంచెను మరచిపోతారు. మన ప్రాణమునకు గాని, పొరుగువాని దేహమునకు గాని, ఆస్తికి గాని, ఆత్మకు గాని హాని కలిగించే సంపాదన కూడదన్నాడు. పాషాణముతో చేసే పనిని, కరుగుతున్న సీసపు ఆవిరి పీల్చే పనిని పేరుపెట్టి చెప్పాడు.

ఆ మాటలు మన ఊళ్ళకోసమే చెప్పినట్లున్నవి. 1970వ దశకమునుండి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజిపల్లి ప్రాంతములలో కర్మాగారములు లేచినవి. వాటివలన మన ఇండ్లలో పొయ్యి వెలిగినది, పిల్లలు బడికి వెళ్ళారు. ఆ మేలు మరువరాదు. కాని ఆ కర్మాగారముల మురుగు నక్కవాగులో కలిసి, వాగు మంజీరలో కలిసినది. బావులు చెడినవి, పొలములు చెడినవి. 1990లో ఈ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రచురించారు. పటాన్‌చెరులో శుద్ధిచేసి వదలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని తేల్చారు. ఆ మందు మింగిన రోగి రక్తములో కూడ అంత ఉండదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారములో జరిగిన ప్రేలుడులో నలభైమందికి పైగా పనివారు మరణించారు. వారిలో అనేకులు దూర రాష్ట్రములనుండి బ్రతుకుతెరువుకు వచ్చినవారు.

ప్రియులారా, ఏ కంపెనీ లెక్క పుస్తకములోనైనను ముడిసరుకుకు ఒక పద్దు ఉన్నది, కరెంటుకు పద్దు ఉన్నది, ప్రకటనలకు పద్దు ఉన్నది. చెడిపోయిన బావికి పద్దు ఎక్కడ? రైతు నష్టమునకు, పనివాని ఊపిరితిత్తులకు పద్దు ఎక్కడ? ఖర్చు లేక కాదు, అది మరొకరి ఇంటి లెక్కలో పడుతున్నది గనుక మనకు కనబడదు. కనబడని ఆ ఖర్చును కూడ కూర్చుండి లెక్కచూచే నిర్వాహకులను తయారుచేయుటే క్రైస్తవ విశ్వవిద్యాలయము ప్రత్యేకముగా చేయవలసిన పని. మిగిలినదంతయు ఇతర కళాశాలలు కూడ నేర్పగలవు.

2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు సగటు లాభములో రెండు శాతము సమాజ సేవకు వెచ్చించవలెను. మంచిదే. వాటివలన బడులకు బల్లలు, ఊళ్ళకు నీళ్ళ ట్యాంకులు వచ్చినవి. కాని వెస్లీ 'ఇచ్చుట'ను మూడవ చోట పెట్టాడు. మొదటి చోట సంపాదించిన తీరు ఉన్నది. వాగును చెడగొట్టి ఊరికి నీళ్ళ ట్యాంకు ఇచ్చినవాడు ఋణము తీర్చినవాడు కాడు.

మరొక సంగతి. మన తాతలలో అనేకులు దొరల గడీలలో వెట్టి చేసినవారు. లెక్క వ్రాసినవాడు ఒకడు, ఆ లెక్కలో బాకీదారుగా మిగిలినవాడు మన తాత. ఏమి వ్రాశారో చదివి చెప్పగల అక్షరము ఆయనకు లేదు. నేడు ఆయన మునిమనుమరాలు జీతముల పట్టిక తయారుచేసే బల్లవద్ద కూర్చుండబోతున్నది. ఇది సామాన్యమైన కృప కాదు. ఆ బల్లవద్ద కూర్చున్న దినమున కాంట్రాక్టు కూలి పేరు, వాని ఓవర్‌టైము, వాని ప్రావిడెంటు ఫండు సరిగా వ్రాయబడినవా అని ఆమె చూడవలెను. చేతికి అందని కూలి దేవుని చెవికి చేరుతుందని యాకోబు హెచ్చరించాడు గదా.

తల్లిదండ్రులారా, చేర్పించే ముందు కొన్ని సంగతులు విచారించండి. 2024 విద్యాసంవత్సరమునుండి బి.బి.ఎ. కోర్సులు కూడ ఎ.ఐ.సి.టి.ఇ. పరిధిలోకి వచ్చినవి గనుక ఆ అనుమతి ఉన్నదా చూడండి. మొత్తము ఫీజు, హాస్టలు ఖర్చు కాగితముమీద వ్రాసుకొని, అప్పు తీసుకుంటే నెలకు ఎంత కట్టవలెనో లెక్కించండి. గోపురము కట్టేవాని లెక్క ఇదే. నైతిక విలువల పాఠము టైంటేబులులో ఒక గంటగా మాత్రమే ఉన్నదా, లేక ఖాతాలు, కార్మిక చట్టము, ఉత్పత్తి నిర్వహణ బోధించే తరగతులలోను ఆ ప్రశ్న అడుగుతారా అని అధ్యాపకులనే అడగండి.

సంఘ పెద్దలారా, మనము కూడ లెక్క అప్పగించవలసినవారమే. కానుకల పుస్తకము, బడి ఫీజులు, సంఘ ఆస్తులు తేటగా ఉంటేనే మన పిల్లలు ఫ్యాక్టరీలో తేటగా ఉండగలరు. మన యింట చూడని నమ్మకత్వమును ఏ విశ్వవిద్యాలయము నేర్పలేదు. చదువుకొని వచ్చిన యువతకు సంఘ లెక్కల కమిటీలో చోటు ఇయ్యండి. వారడిగే ప్రశ్నలకు నొచ్చుకొనకండి.

యువతీయువకులారా, జంకక చదువుకొనండి. పెద్ద ఉద్యోగము దొరికితే దేవునికి స్తోత్రము చెల్లించండి. అయితే మేనేజరు కుర్చీలో కూర్చున్నను ఆస్తి మీది కాదు, పనివారు మీవారు కారు, వాగు మీది కాదు. అన్నియు యజమానునివి. ఆయన లెక్క అడిగే దినమున తలవంచుకొనక నిలువగల నిర్వాహకులుగా ప్రభువు మిమ్మును చేయునుగాక. ఆమేన్.