జూదం మీద పన్ను, పురుగుమందు మీద పన్ను
(మండల స్థాయి కార్యకర్తల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో గిట్టుబాటు ధర, కౌలు కార్డులు, కాలువ నీళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఎజెండాలో ఆన్‌లైన్ జూదం పెట్టేసరికి కొందరు సభ్యులు "ఇది పట్నం కుర్రాళ్ల గొడవ కదా, రైతు సంఘానికి ఎందుకు?" అని అడిగారు. అడగడంలో తప్పులేదు. రెండేళ్ల కిందట అయితే మేమూ అదే మాట అనేవాళ్లం.

మా గ్రామ శాఖలో జరిగిన ఒక సంగతి చెబుతాం. ఊరూ పేరూ చెప్పం. మూడెకరాల కౌలు రైతు. మిర్చి అమ్మిన డబ్బు ఖాతాలో పడింది. ఆయనకు ఫోన్ వాడకం తెలియదు. పీఎం కిసాన్ ఈకేవైసీ కావాలన్నా, పత్తి అమ్ముకోడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ పెట్టాలన్నా కొడుకే చేయాలి. అందుకని ఖాతా కొడుకు ఫోన్‌లోనే ఉంది. ఎరువుల కొట్టు బాకీ తీర్చడానికి వెళ్లిన రోజున ఖాతాలో నాలుగు వందలు కూడా లేవు. కుర్రాడు చెడ్డవాడు కాదు. మొదట రెండు వందలు పెట్టి ఆరు వందలు గెలిచాడు. తర్వాత పోయినదాన్ని రాబట్టుకోవాలని పెట్టుకుంటూ పోయాడు. నాన్నకు చెప్పలేక లోన్ యాప్‌లో అప్పు చేశాడు. చివరికి ఆ బాకీ తీర్చడానికి తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. సేద్యం కోసం చేసిన అప్పూ, ఈ అప్పూ ఒకే ప్రామిసరీ నోటు మీదకు చేరాయి.

కాబట్టి ఇది మన ఇంటి గొడవే. 2019లో కేంద్రం చేయించిన జాతీయ సర్వే ప్రకారం రైతు కుటుంబం సగటు అప్పు దేశం మొత్తం మీద 74,121 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో అది 2,45,554 రూపాయలు, దేశంలోనే ఎక్కువ. తెలంగాణలో 1,52,113. ఇంత అప్పు మీద కూర్చున్న ఇంట్లోకి జేబులోంచే జూదం వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ముందు ఈ ఆట లెక్క చూద్దాం. "గెలిచేవాళ్లు కూడా ఉన్నారు కదా" అంటారు. ఉన్నారు. పదిమంది తలా వంద పెట్టారనుకోండి, వెయ్యి అయింది. ఆడించే కంపెనీ నూటికి పది కమీషన్ తీసుకుందనుకోండి. మిగిలింది 900. దాన్నే మళ్లీ ఆడితే 810. ఇలా ఏడు ఆటలు తిరిగేసరికి వెయ్యిలో మిగిలేది 478. గెలిచింది ఎవరైనా సరే, సగానికి పైగా కంపెనీకి చేరింది. ఒకే మిర్చి బస్తాను ఏడుసార్లు యార్డుకు తోలి, ఏడుసార్లు కమీషన్ కట్టినట్టు ఉంటుంది ఇది. అలాంటి బేరం మనలో ఎవరైనా చేస్తామా?

ఇక చట్టం సంగతి. బెట్టింగ్, జూదం మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. తెలంగాణ 2017లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను, రమ్మీతో సహా, నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో అదే పని చేసింది. ఆ తర్వాత 132 యాప్‌లు, వెబ్‌సైట్లను ఆపించమని కేంద్రానికి లేఖ కూడా రాసింది. అయినా ఆట ఆగలేదు. టీవీలో ప్రకటన చివర గబగబా "ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులు ఆడరాదు" అని చదివేవాళ్లు గుర్తుందా? ప్రకటన మాత్రం మన ఇంట్లోనే వినిపించేది. ఫోన్ ఎక్కడుందో తప్పుగా చూపించే యాప్ ఒకటి వేసుకుంటే ఆట మొదలయ్యేది.

కంపెనీలు కోర్టుల్లో చెప్పే మాట ఒక్కటే. రమ్మీ నైపుణ్యం ఆట, జూదం కాదు అని. దీనికి వాళ్లు చూపించే తీర్పు మన దగ్గర పుట్టిందే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీలో ప్రధానంగా ఉండేది నైపుణ్యమేనని సుప్రీంకోర్టు చెప్పింది. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ సత్యనారాయణ కేసుగా అది ప్రసిద్ధం. అయితే అదే తీర్పులో ఇంకో మాట ఉంది. పందెం డబ్బుతో ఆడే ఆట మీద ఆడించేవాడు లాభం తీసుకుంటే అది నేరం కావచ్చని కూడా కోర్టు అంది. మొదటి సగం అందరికీ చెబుతారు. రెండో సగం వదిలేస్తారు.

పన్ను దగ్గరకు వద్దాం. రైతుగా మనకు కడుపు మండేది ఇక్కడే.

2023 అక్టోబరు దాకా ఈ కంపెనీల్లో చాలావరకు 18 శాతం జీఎస్టీ కట్టేవి. దేని మీద? ఆటగాడు పెట్టిన డబ్బు మొత్తం మీద కాదు, తాము తీసుకున్న కమీషన్ మీద. అంటే వంద రూపాయల పందెంలో పది కమీషన్ అయితే పన్ను రూపాయి ఎనభై పైసలు. మనం కొనే రసాయన పురుగుమందు మీదా 18 శాతమే. కానీ అది డబ్బా పూర్తి ధర మీద. వంద రూపాయల మందుకు పద్దెనిమిది రూపాయలు. వ్యాపారి అయితే తాను కట్టిన పన్నును అమ్మకం పన్నులోంచి మినహాయించుకుంటాడు. మన పంట మీద పన్ను లేదు కాబట్టి మనకు ఆ మినహాయింపూ లేదు. కట్టింది కట్టినట్టే పోతుంది. తెగులు వచ్చిన చేనుకు ఒక న్యాయం, పేకముక్కకు ఒక న్యాయం!

2023 జూలైలో జీఎస్టీ మండలి దీన్ని మార్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఆటకు పెట్టే మొత్తం మీద 28 శాతం వేసింది. గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్నును ముందే కోసుకోవాలని అదే ఏడాది నిబంధన వచ్చింది. "ఇంత పన్ను పడితే కుర్రాళ్లు మానేస్తారు" అన్నారు. ఏం జరిగింది? చాలా కంపెనీలు ఆ పన్నుకు సమానమైన సొమ్మును బోనస్ పేరుతో ఆటగాడి ఖాతాలో వేసి, ఏమీ మారనట్టు ఆడించాయి. ఆరు నెలల్లో ఆన్‌లైన్ గేమింగ్ మీద వసూళ్లు 412 శాతం పెరిగి 6,909 కోట్లయ్యాయని 2024 సెప్టెంబరులో మండలి సమావేశం తర్వాత ప్రకటించారు. ప్రభుత్వానికి అది మంచి వార్త. ఆ 6,909 కోట్లలో మిర్చి డబ్బు ఎంత, డ్వాక్రా రుణం ఎంత, ఆడపిల్ల పెళ్లికి దాచిన డబ్బు ఎంత అన్న లెక్క మాత్రం ఎవరూ తీయలేదు.

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. జూదం మీద పన్ను వేసిన ప్రభుత్వం ఆ జూదంలో వాటాదారు అవుతుంది. ఆదాయం అలవాటయ్యాక ఆపాలంటే చెయ్యి రాదు. సారా విషయంలో మనం చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు పాలకులకు మొదట గుర్తొచ్చింది ఖజానాయే. ఆ ఆడవాళ్లు వెనక్కి తగ్గలేదు కాబట్టే 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఇప్పుడు కేంద్రం కూడా నిషేధం చేసింది. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించిన చట్టానికి 22న రాష్ట్రపతి సంతకం అయింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ అది నిషేధిస్తుంది. ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్లు, యాభై లక్షలు. డబ్బు చేరవేసే బ్యాంకులు, చెల్లింపు సంస్థలు కూడా శిక్ష కిందకు వస్తాయి. ఆడినవాడికి శిక్ష లేదు, బాధితుడిగానే చూశారు. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వమే అప్పుడు చెప్పింది. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి, వేర్వేరు హైకోర్టుల్లో పడ్డ కేసులు సుప్రీంకోర్టుకు చేరాయి.

ఈ చట్టాన్ని మేము సమర్థిస్తున్నాం. కానీ కళ్లు మూసుకుని కాదు. చట్టం వచ్చిన రెండు వారాలకే, సెప్టెంబరు 3న, జీఎస్టీ మండలి బెట్టింగ్, కాసినో, గుర్రప్పందేలు, లాటరీలతో పాటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను కూడా 40 శాతం పన్నులో పెట్టింది. ఒక చేత్తో నిషేధం, ఇంకో చేత్తో పన్ను రేటు! అదే సమావేశంలో ట్రాక్టర్ల మీద, డ్రిప్పు మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే. రసాయన పురుగుమందు మాత్రం 18 దగ్గరే ఉండిపోయింది.

ఇంకో భయం ఉంది. పెద్ద యాప్‌లు మూతపడితే ఆట విదేశీ సైట్లకు, టెలిగ్రామ్ గ్రూపులకు, ఊళ్లో ఐపీఎల్ పందేలు రాసే బుకీకి పోతుంది. వాళ్లకు డబ్బు దాటించడానికి ఖాతాలు కావాలి. అందుకే పల్లెల్లో "నీ పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు, నెలకింత ఇస్తాం" అంటూ తిరుగుతున్నారు. ఇచ్చినవాడి మీదే కేసు పడుతుంది. ఖాతా స్తంభించిపోతే పంట డబ్బు, పీఎం కిసాన్ డబ్బు అందులోనే ఇరుక్కుంటాయి. దయచేసి ఈ మాట ప్రతి ఇంటికీ చెప్పండి.

అన్నిటికంటే బరువైన మాట ఒకటి. రైతు ఆత్మహత్య చేసుకున్నప్పుడు విచారణకు వచ్చే అధికారులు "కొడుకు బెట్టింగ్ ఆడాడట కదా, ఇది సేద్యం అప్పు కాదు" అని రాసి పరిహారం ఎగ్గొట్టే ప్రమాదం ఉంది. మనం ఊరుకోకూడదు. మొదట్లో చెప్పిన కౌలు రైతు నోటులో ఏ రూపాయి ఎరువుది, ఏ రూపాయి యాప్‌ది అని ఎవరు విడదీయగలరు? పంటకు ధర వచ్చి ఉంటే ఆ కుర్రాడు రెండు వందలు ఆరు వందలు కావాలని ఆశపడేవాడా అని కూడా అడగాలి.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. సంక్రాంతికి కోడి పందేల బరుల్లో, పేకాట శిబిరాల్లో లక్షలు చేతులు మారుతుంటే "మన సంప్రదాయం" అని నవ్వుకున్నది మనమే. ఆ బరి పక్కన నిలబడి చూసిన పిల్లాడికి ఫోన్‌లో పందెం తప్పని ఏ మొహంతో చెబుతాం?

మన సంఘం పెడుతున్న డిమాండ్లు ఇవి:

ఒకటి, 2025 చట్టంలో చెల్లింపుల నిబంధనను ముందుగా అమలు చేయాలి. డబ్బు దారి మూస్తే యాప్ దానంతటదే మూతపడుతుంది.

రెండు, ఇన్నాళ్లూ జూదం మీద వసూలైన పన్నులో వాటాను బాధిత కుటుంబాల అప్పుల పరిష్కారానికి, జిల్లా ఆసుపత్రుల్లో వ్యసన చికిత్సకు కేటాయించాలి.

మూడు, లోన్ యాప్‌ల వేధింపుల మీద మండల స్థాయిలో ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఉండాలి.

నాలుగు, ఇంట్లో ఎవరో జూదం ఆడారన్న కారణంతో రైతు కుటుంబానికి పరిహారం నిరాకరించకూడదు.

ఐదు, పురుగుమందుల మీద 18 శాతం జీఎస్టీని 5 శాతానికి తగ్గించాలి. కౌలు రైతులకు బ్యాంకు రుణం ఇవ్వాలి.

ప్రతి గ్రామ శాఖా వచ్చే నెలలోగా ఒక ఆదివారం దీనిమీద సమావేశం పెట్టాలి. ఆడవాళ్లను, కుర్రాళ్లను తప్పకుండా పిలవండి. కుర్రాళ్లను నిలదీయడానికి కాదు, వాళ్లు చెప్పేది వినడానికి. ఖాతా ఉన్న ప్రతి రైతూ నెలకోసారి బ్యాంకులో పాస్‌బుక్కు ముద్రించుకోవాలి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. మనసు కుంగిపోయినవాళ్లు ఉంటే టెలి మానస్ 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ పంచాయతీ గోడ మీద, ఎరువుల కొట్టు ముందు, పాలకేంద్రం దగ్గర రాయించండి.

ఆ కౌలు రైతు కొడుకు ఇప్పుడు మన శాఖ సమావేశాలకు వస్తున్నాడు. ఆ గోడ రాతలు తానే రాస్తానని రంగు డబ్బా పట్టుకున్నాడు. బాకీ ఇంకా తీరలేదు. తీరేదాకా ఆ ఇంటికి తోడుండాల్సింది మనమే.