రికార్డులో కనబడని రసీదు

 

మేం రుషికొండ ఐటీ పార్కులో ఉద్యోగాలు చేసుకునేవాళ్లం. రంజాన్‌లో ఒక దాత "జకాత్ పంపాను, రసీదు రాలేదు" అన్నారు. సొసైటీ ఆఫీసువారేమో మెయిల్ చేశామన్నారు. సర్వర్ రికార్డు చూస్తే ఆ తేదీన ఆ మెయిలే లేదు. జకాత్ సొమ్ము అమానత్. ఎవరిమీదా మాట పడకముందే వెదకడానికి కూర్చున్నాం.

గుమాస్తాగారు సహరీ చేసి, నమాజుకు వెళ్తూ 4:50కి పంపారట. సర్వర్‌కు మన గడియారంతో పనిలేదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ తన ట్రాకింగ్ లాగ్‌ను యూటీసీలో, అంటే మనకన్నా 5 గంటల 30 నిమిషాలు వెనకగా రాస్తుంది. రసీదు ముందురోజు రాత్రి 11:20 దగ్గర దొరికింది!

దాని పక్కన అవతలి సర్వర్ జవాబు 250 అని ఉంది. అంటే ఆ సర్వర్ మెయిల్ తీసుకుందని మాత్రమే. ఇన్‌బాక్స్‌లో వేసిందో, స్పామ్‌లో పడేసిందో ఆ అంకె చెప్పదు. 550 అయితే తిప్పికొట్టినట్టు. మన రసీదు స్పామ్‌లోనే ఉంది.

అసలు చిక్కు వేరే. గడువు మార్చకపోతే ఈ లాగ్ 30 రోజులే నిలుస్తుంది. ఫోల్డరు నిండితే పాతవి ఇంకా ముందే చెరిగిపోతాయి. రంజాన్ మొదటి రోజు రసీదుల జాడ ఈద్ నాటికే పోవచ్చు, మన ఆడిట్ ఏడాదికొకసారి. (కార్బన్ పెట్టి రాసిన రసీదు పుస్తకానికి ఈ బాధ లేదు, నిజమే.) అందుకే వారం వారం లాగ్‌ను వేరేచోట దాచమని ఆఫీసుకు చెప్పాం.

దాతలకు ఒక్క మనవి. మూడు రోజుల్లో రసీదు రాకపోతే ముందు స్పామ్ చూడండి. అక్కడా లేకపోతే డబ్బు పంపిన తేదీ, మీ మెయిల్ చిరునామా ఫోన్‌లో చెప్పండి. నెల దాటనివ్వకండి.