ఇంటర్వ్యూ గదిలో గుండె దడ



ఇంటర్వ్యూకి పిలుపొచ్చిన ఇంట్లో రెండు మూడు రోజులు అందరికీ అదే ధ్యాస. చొక్కా ఇస్త్రీ, సర్టిఫికెట్ల ఫైలు, గడప దాటేటప్పుడు ఎవరు ఎదురు రావాలి, అన్నీ చూసుకుంటారు. వెళ్లేవాడి ఒంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఎవరికీ పట్టదు. "భయపడకురా" అని ఓ మాట అనేసి ఊరుకుంటాం. ఆ మాటతో భయం తగ్గినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1993లో ఒక పరీక్షా పద్ధతిని ప్రకటించారు. ఒత్తిడిలో మనిషి ఒంట్లో ఏమేం మారతాయో కొలవాలన్నది వాళ్ల పని. కొలవాలంటే ముందు ఏ అపాయమూ లేకుండా ఒత్తిడి పుట్టించాలి కదా! అందుకు వాళ్లు ఎంచుకున్నది ఉద్యోగం ఇంటర్వ్యూనే. ఈ కొలువుకి తానెందుకు తగినవాడో ఆ మనిషి మైకు ముందు నిలబడి ఐదు నిమిషాలు చెప్పాలి. ఎదుట కూర్చున్నవాళ్లు నవ్వరు, తలైనా ఊపరు. మాట ఆగిపోతే, "మీకింకా టైముంది, చెప్పండి" అంటారు. అది అయ్యాక 1022లోంచి 13 చొప్పున తీసేస్తూ పైకి లెక్క చెప్పమంటారు. 1009, 996... ఎక్కడ తప్పితే అక్కడ ఆపి, మళ్లీ మొదటినుంచి. ఇది ఉత్తుత్తి ఇంటర్వ్యూ, ఉద్యోగమేమీ రాదు. ఆ సంగతి తెలిసి కూడా చాలామందికి గుండె వేగం పెరుగుతుంది, ఉమ్మిలో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఇప్పటికీ ఇదే పద్ధతి వాడుతున్నారు. అలాంటప్పుడు నిజం ఇంటర్వ్యూలో మీ అబ్బాయి చెయ్యి వణికిందంటే పిరికివాడని కాదు, ఒళ్లు సరిగ్గానే పనిచేస్తోందని.

మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న అడ్రినల్ గ్రంథులుంటాయి. ప్రమాదమని మెదడు అనుకోగానే అవి అడ్రినలిన్‌ను వదులుతాయి. పులి ఎదురైతే కలబడడానికో పారిపోవడానికో పనికొచ్చే ఏర్పాటు ఇది. గుండె వేగంగా కొట్టుకుని కండరాలకి నెత్తురు పంపుతుంది. అరుగుదల తర్వాత చూసుకోవచ్చని కడుపుకి నెత్తురు తగ్గుతుంది, అందుకే కడుపులో తిప్పడం. లాలాజలం తగ్గి నోరు పిడచకట్టుకుపోతుంది. అరచేతుల్లో చెమట పడుతుంది. కుర్చీలో కూర్చుని మాట్లాడాల్సిన చోట ఇవేవీ అక్కరకు రావు. కార్టిసాల్ మరికాస్త నిదానం, పది ఇరవై నిమిషాల తర్వాతగానీ పతాకస్థాయికి చేరదు. గదిలోంచి బయటికొచ్చాక కూడా మనసు కుదుటపడకపోతే ఇదీ ఒక కారణం.

మరి దీన్ని అదుపు చేసేదెలా? గుండె కాస్త నెమ్మదించే క్షణం ఒకటుంది, ఊపిరి వదిలేటప్పుడు. వేగస్ అనే నాడి చేసే పని అది. పిలుపుకోసం వరండాలో కూర్చున్నప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. రెండు మూడు నిమిషాలు చాలు. మంచినీళ్లు రెండు గుక్కలు తాగండి. ధైర్యం కోసమని వరసపెట్టి కాఫీలు మాత్రం వద్దు, ఉన్న దడకి కెఫీన్ తోడవుతుంది.

ఇంకో బెంగ ఉంటుంది, "నా కంగారు వాళ్లకి తెలిసిపోయిందేమో" అని. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంవారు 2000లో ప్రచురించిన ఒక ప్రయోగం చూడండి. వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి బొమ్మున్న టీషర్టు తొడిగి ఒక్కో విద్యార్థిని నలుగురున్న గదిలోకి పంపారు. గదిలో సగంమంది బొమ్మని గమనించి ఉంటారని తొడుక్కున్నవాళ్ల అంచనా. నిజానికి గమనించినవాళ్లు దాదాపు పావు వంతే. మన వణుకు మనకి కనిపించినంతగా ఎదుటివాళ్లకి కనిపించదు.

ఎదుటివాడి మీద మన ముద్ర పడేది 93 శాతం ఒంటి తీరు, గొంతు వల్లేనని, మాటల వాటా ఏడు శాతమేనని శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. నాకు ఒళ్లు మండే లెక్క ఇది. మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన ప్రయోగాల్లోంచి దీన్ని లాక్కొచ్చారు. ఆయన పరిశీలించింది ఇష్టాయిష్టాలు ఎలా తెలుస్తాయన్నది మాత్రమే, వాడింది విడివిడి మాటలు. ఇంజనీరు ఉద్యోగానికొచ్చినవాడి జవాబులకి విలువ ఏడు శాతమని ఆయన అననే లేదు.

జవాబులే ముఖ్యం. అవి బట్టీపట్టినవైతేనే చిక్కు. "మీ గురించి చెప్పండి" అనగానే ఒక కుర్రాడు ఊరు, చదువు, నాన్న మిరప రైతు, అభిరుచి క్రికెట్ అని గడగడా అప్పజెప్పాడనుకోండి. "ఈ ఏడు మిరప ఎలా ఉంది?" అని అడుగుతారు ప్యానెల్లో ఒకాయన. కుర్రాడు తెల్లబోతాడు, ఈ ప్రశ్న గైడులో లేదు మరి. తామర పురుగు సంగతి, కోత కూలీల సంగతి, కోల్డ్ స్టోరేజీ అద్దె సంగతి రోజూ ఇంట్లో వింటూనే ఉంటాడు. అవి చెబితే చాలు, అక్కడున్న ముగ్గురూ తలెత్తి చూస్తారు. అందుకే ఇంట్లో ఉన్నవాళ్లకి నేనిచ్చే పని ఇది. కూర తరుగుతూనో బట్టలు మడతపెడుతూనో ఆ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలడగండి. అడ్డుప్రశ్నలు కూడా వెయ్యండి. మనసులో అనుకోవడం వేరు, గొంతెత్తి చెప్పడం వేరు. తెలియని ప్రశ్నకి "తెలియదండీ" అనడం కూడా నోటికి అలవాటు కావాలి.

చివరగా ఒక హెచ్చరిక. దడ తగ్గుతుందని స్నేహితులు ప్రొప్రనలాల్ మాత్రలు చేతిలో పెడుతుంటారు. డాక్టరు చెప్పకుండా వేసుకోవద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లకి దానివల్ల ఊపిరాడని పరిస్థితి రావచ్చు. భయంతో అసలు ఇంటర్వ్యూలకే వెళ్లడం మానేసేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లు 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే.