సున్నా చూపిస్తే కరెంటు లేనట్టేనా?

(రేడియో ప్రసంగ పాఠం)



అమెరికాలో కాపురం పెట్టిన కొన్నాళ్ళకే ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఎంతవుతుందో మనకి తెలిసొస్తుంది. అందుకే మన ఇళ్ళలో చాలామంది గరాజులో ఓ డిజిటల్ మల్టీమీటరు ఉంచుకుంటారు. పాత స్విచ్చి మార్చాలన్నా, కొత్త లైటు బిగించాలన్నా బ్రేకరు ఆపేసి, మీటరు పెట్టి చూస్తాం. సున్నా వస్తే ధైర్యంగా తీగ పట్టుకుంటాం. ఆ సున్నా అసలు ఎలా పుడుతుందో ఇవాళ చెప్పుకుందాం.

మీటరు లోపల ముఖ్యమైన చిప్పు పెద్ద వోల్టేజిని భరించలేదు. మామూలు మీటర్లలో అది 0.2 వోల్టుల దాకానే కొలుస్తుంది. మరి ఇక్కడ గోడ ప్లగ్గులో ఉండేది 120 వోల్టులు, మన ఊళ్ళో అయితే 230. కాబట్టి ముందు రెసిస్టర్ల వరస ఒకటి వోల్టేజిని చిన్న ముక్క చేస్తుంది. 200 వోల్టుల రేంజిలో వెయ్యో వంతే లోపలికి వెళ్తుంది. మంచి మీటర్లలో ఈ వరస మొత్తం సుమారు కోటి ఓములుంటుంది.

తర్వాతిది ఏసీని డీసీగా మార్చే భాగం. మీట ఏసీ వైపు తిప్పితేనే ఇది పనిచేస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

ఆ తర్వాత అంకె పుట్టే చోటు. 1970లలో ఇంటర్‌సిల్ కంపెనీ తెచ్చిన 7106 అనే చిప్పు దీనికి బాగా పేరుపొందింది. దాని పద్ధతి చాలా తేలిక. ఓ కొళాయి ధార ఎంతో తెలియదనుకోండి. వెయ్యి లెక్కపెట్టేదాకా దానికింద తొట్టి పెట్టండి. తర్వాత ధార ఎంతో మనకి ముందే తెలిసిన తూము తెరిచి, తొట్టి ఖాళీ అయ్యేదాకా మళ్ళీ లెక్కపెట్టండి. రెండో లెక్కని బట్టి కొళాయి ధార తెలిసిపోతుంది. ఇక్కడ తొట్టి అంటే కెపాసిటరు, తూము అంటే 0.1 వోల్టు రిఫరెన్సు. 120 వోల్టులు వెయ్యో వంతయి 0.12 వోల్టుగా వస్తే రెండో లెక్క 1200 అవుతుంది. తెరమీద 120.0 అని కనబడుతుంది.

మొదటి లెక్క వెయ్యికి సాధారణంగా సెకనులో పదో వంతు పడుతుంది. ఇందులో ఓ తెలివుంది. ఆ కాస్త వ్యవధిలో అమెరికా కరెంటు సరిగ్గా 6 సార్లు, ఇండియా కరెంటు 5 సార్లు పైకీ కిందికీ ఊగుతుంది. పైకి ఎంత నిండితే కిందికి అంత తగ్గి, పక్క తీగలనుంచి వచ్చే రొద రద్దయిపోతుంది.

ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. మీట పొరపాటున డీసీ మీద ఉండగా గోడ ప్లగ్గులో పెడితే, 120 వోల్టులూ ఆ రొదలాగే రద్దయిపోతాయి. తెరమీద సున్నాయో, సున్నా దగ్గర అంకో కనబడుతుంది. మీటరు చెడిపోలేదు, దాని పని అది సరిగ్గానే చేసింది. ప్రోబు తీగ లోపల తెగినా ఇలాంటి సున్నాయే వస్తుంది.

బ్యాటరీ సంగతి కూడా చూడండి. అది బాగా నీరసిస్తే రిఫరెన్సు తగ్గిపోతుంది. తూము సన్నబడితే తొట్టి ఖాళీ అవడానికి ఎక్కువసేపు పడుతుంది కదా! అందుకే చాలా చవక మీటర్లు అప్పుడు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. బ్యాటరీ గుర్తు వెలిగితే ముందు అది మార్చండి.

ఇక 10 ఆంపియర్ల రంధ్రం. దాని వెనక ఉండేది దాదాపు ఉత్త తీగ ముక్కే. ప్రోబు అందులో ఉంచి గోడ ప్లగ్గులో పెడితే షార్ట్ సర్క్యూటే. చవక మీటర్లు కొన్నింటిలో ఆ దారిలో ఫ్యూజు కూడా ఉండదు, మీటరు మీదే ఆ సంగతి రాసి ఉంటుంది. ఫ్యూజు పోతే మన ఊళ్ళో మెయిన్ దగ్గర తీగ చుట్టినట్టు ఇక్కడ చుట్టకండి. మీటరు మీద రాసిన రకమే, అదే వోల్టేజిదే వెయ్యండి. గోడ ప్లగ్గులకి క్యాట్ 2, బ్రేకర్ల పెట్టెకి క్యాట్ 3 అని రాసి ఉన్న మీటరు వాడాలి.

చివరిగా, ఎలక్ట్రీషియన్లు పాటించే మూడు మెట్ల పద్ధతి. ముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో చూడండి, 120 రావాలి. తర్వాత మీరు పనిచేయబోయే తీగ దగ్గర చూడండి, సున్నా రావాలి. మీట కదపకుండా మళ్ళీ మొదటి ప్లగ్గుకి వెళ్ళండి, 120 రావాలి. మూడూ సరిపోతేనే ఆ సున్నాని నమ్మండి. దీనికి పట్టేది ఒక్క నిమిషం. మీ పిల్లలు స్క్రూడ్రైవరు పట్టుకునే వయసుకొస్తే వాళ్ళకి మొదట నేర్పాల్సింది ఇదే.

సెలవు.